మూట దించుకున్న చోటు

ఈ పాట పెట్టుకుని తొడ మీద తాళం వేసి చూడండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో దెబ్బకి చెయ్యి లేస్తుంది. పాట మాత్రం అప్పటికే మళ్ళీ మొదటికి వెళ్ళిపోయి ఉంటుంది. సర్దుకుంటారు, మళ్ళీ తడబడతారు. రాక్ పాటలు చాలామటుకు నాలుగు దెబ్బల చట్రంలో నడుస్తాయి. ఇంగ్లండు గాయకుడు పీటర్ గేబ్రియల్ 1977లో విడుదల చేసిన ‘సాల్స్‌బరీ హిల్’ ఏడు మీద నడుస్తుంది.

మనకి ఏడు కొత్త కాదు. మిశ్ర చాపులో కృతులు విన్న చెవికి ‘తకిట తకధిమి’ పరిచయమే. గురజాడ ముత్యాల సరం నడకలోనూ ఇదే లెక్క: మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. ఈ ఇంగ్లీషు పాటలో విరుపులు అచ్చం అలాగే పడవు గానీ మొత్తం ఒకటే. అందుకే మనవాళ్ళు దీన్ని రెండుమూడు సార్లు వింటే చాలు, తల దానంతటదే ఊగుతుంది. ఆ పాట పుట్టిన దేశంలో మాత్రం ఏడు లెక్క అంటే ఒక అడుగు తక్కువైన నడక. మెట్లెక్కుతుంటే పాదం కింద ఉండాల్సిన మెట్టు లేనట్టు.

ఆ లేని మెట్టు దగ్గరే ఈ పాట అర్థం ఉందని నా నమ్మకం. ‘పెద్ద బృందాన్ని వదిలేసి సొంత దారి వెతుక్కున్నవాడి పాట’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అబద్ధం కాదు. కానీ వదిలేయడం ఒక్క రోజు పని. వదిలేశాక ఏం చేయాలో తెలియని రోజులు చాలా ఉంటాయి. ఈ పాట వాటిలోంచి పుట్టింది.

1967లో ఇంగ్లండులోని సర్రీ ప్రాంతంలో, గాడల్మింగ్ ఊరి దగ్గర చార్టర్‌హౌస్ అనే పాత బడిలో కొందరు పిల్లలు పాటలు కట్టడం మొదలుపెట్టారు. టోనీ బ్యాంక్స్ పియానో ముందు కూర్చునేవాడు. మైక్ రూథర్‌ఫర్డ్, ఆంథనీ ఫిలిప్స్ గిటార్లు పట్టుకునేవారు. గేబ్రియల్ పాడేవాడు. అదే బడిలో చదివి వెళ్ళిన నిర్మాత జొనాథన్ కింగ్ వాళ్ళ పాటలు విని ‘జెనిసిస్’ అని పేరు పెట్టాడు. తర్వాత డ్రమ్ముల ముందుకి ఫిల్ కాలిన్స్, గిటారుకి స్టీవ్ హ్యాకెట్ వచ్చారు. పాటలు పెద్దవయ్యాయి, ఒక పాటయితే ఇరవై నిమిషాలు దాటింది.

గేబ్రియల్ స్వతహాగా బిడియస్తుడు. కచేరీలో పాటకీ పాటకీ మధ్య మిగతావాళ్ళు పన్నెండు తంత్రుల గిటార్లు శ్రుతి చేసుకుంటుంటే వేదిక మీద నిశ్శబ్దం పరుచుకునేది. ఆ ఖాళీ నింపడానికి అతను వింత కథలు చెప్పడం మొదలుపెట్టాడు. కథల తర్వాత వేషాలు వచ్చాయి. 1972 సెప్టెంబరులో డబ్లిన్ కచేరీలో, తోటివాళ్ళకి ముందుగా చెప్పకుండా, భార్య ఎర్ర గౌను తొడుక్కుని తలకి నక్క తొడుగు పెట్టుకుని వేదిక మీదికి వచ్చేశాడు. పత్రికలు మొదటి పేజీలో వేసుకున్నాయి. ఆ తర్వాత పువ్వు తొడుగు, గబ్బిలం రెక్కలు, ముడతల ముసలివాడి ముఖం. జనం వేషాల కోసం రాసాగారు. పత్రికలవాళ్ళు గేబ్రియల్ అంటే జెనిసిస్, జెనిసిస్ అంటే గేబ్రియల్ అన్నట్టు రాశారు. సంగీతం ఐదుగురూ కూర్చుని కడుతుంటే పేరు ఒక్కడికి పోతోందని మిగతా నలుగురికీ లోపల నొప్పి. అది న్యాయమైన నొప్పే. బిడియాన్ని దాచుకోవడానికి వేసుకున్న వేషం బిడియస్తుణ్ణి మింగేసి, స్నేహాల్ని కూడా కొరకడం మొదలుపెట్టింది.

1974లో వాళ్ళు ‘ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ అనే జంట ఆల్బమ్ మొదలుపెట్టారు. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే ఒక పాత భవనం, ఒకప్పుడు బీదల ఆశ్రమం. ఒక గదిలో నలుగురు బాణీలు కడుతుంటే, ఇంకో గదిలో గేబ్రియల్ ఒక్కడే మాటలు రాసుకునేవాడు. కథంతా తనే రాస్తానని పట్టుబట్టాడు. అందులో రాయెల్ అనే న్యూయార్క్ కుర్రాడు తప్పిపోయిన సోదరుణ్ణి వెతుక్కుంటూ పాతాళంలాంటి లోకంలో తిరుగుతాడు. చివరికి ప్రవాహంలో కొట్టుకుపోతున్న అతన్ని బయటికి లాగి చూస్తే, ఎదురుగా కనిపించేది తన ముఖమే. అప్పటికి గేబ్రియల్‌కి ఇరవై నాలుగేళ్ళు. ఏ ముఖాన్ని వెతుకుతున్నాడో తనకే తెలియకుండా రాసేశాడని ఇప్పుడు చదువుతుంటే అనిపిస్తుంది.

ఆ పని మధ్యలోనే రెండు సంగతులు జరిగాయి. ‘ది ఎగ్జార్సిస్ట్’ దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్, జెనిసిస్ రికార్డు అట్ట వెనక గేబ్రియల్ రాసిన చిన్న కథ చదివి, సినిమాకి కలిసి పనిచేద్దామని కబురు పెట్టాడు. గేబ్రియల్ బృందాన్ని ఆపి వెళ్ళబోయాడు, కొద్ది రోజుల్లో ఆ ఊహ కరిగిపోయింది, వెనక్కి వచ్చాడు. ఇది మానిపోయే గాయం. రెండోది మానలేదు. ఆ జూలైలో అతని మొదటి బిడ్డ కష్టమైన కాన్పులో పుట్టింది. బతుకుతుందో లేదో తెలియక వారాల పాటు ఇంక్యుబేటర్‌లో ఉంచారు. బృందం వేల్స్‌లో రికార్డింగ్ చేస్తోంది, బిడ్డ లండన్ ఆసుపత్రిలో ఉంది. గేబ్రియల్ ఆ రెండింటి మధ్యా కారు నడుపుతూ తిరిగాడు. తోటివాళ్ళకి అది పని ఆలస్యమవడంగానే కనిపించింది. అప్పుడు తాము అర్థం చేసుకోలేకపోయామని బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్ తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళే, అందులో ఎవరి చంటిబిడ్డా ఇంక్యుబేటర్‌లో లేదు. నేను వాళ్ళని తప్పుపట్టలేను. కానీ రోడ్డు మీద కారులో ఒంటరిగా గడిపిన ఆ గంటల్లోనే అతను బృందం నుంచి సగం బయటికి వచ్చేశాడు.

నవంబరులో ఆల్బమ్ వచ్చింది, అమెరికాలో యాత్ర మొదలైంది. క్లీవ్‌లాండ్‌లో, హోటల్లో, తను వెళ్ళిపోతున్నానని గేబ్రియల్ చెప్పాడు. యాత్ర పూర్తయ్యేదాకా ఉంటానన్నాడు. ఉన్నాడు కూడా. ఆర్నెల్ల పాటు రోజూ రాత్రి వేషం కట్టి, ఉబ్బెత్తు కణుతుల గోనెలాంటి దుస్తుల్లో దూరి, మైకు నోటికి అందక అవస్థపడుతూ పాడాడు. తను వెళ్ళిపోతున్న సంగతి ఎదురుగా కూర్చున్న జనానికి తెలియదు. 1975 మేలో ఫ్రాన్సులోని బెజాన్సన్‌లో యాత్ర ముగిసింది. ఆగస్టులో వార్త బయటపడ్డాక పత్రికలకి ఒక ఉత్తరం రాశాడు. పాటల కోసం అందరూ కలిసి కట్టుకున్న బండి చివరికి తమకే యజమాని అయి కూర్చుందని అందులో వాపోయాడు. ‘ప్రసిద్ధుడైన గేబ్రియల్’ కళ్ళతో లోకాన్ని చూడటం తనకి అలవాటైపోతోందని, కుటుంబానికి చోటు ఇవ్వాలనుకుంటున్నానని చెప్పుకున్నాడు. తోటివాళ్ళ మీద ఒక్క పుల్లవిరుపు మాట లేదు.

ఆ తర్వాత ఏం చేశాడు? బాత్ నగరం దగ్గర పల్లె ఇంట్లో కూరగాయలు పండించాడు. పియానో సాధన చేశాడు. పిల్లతో గడిపాడు. పుస్తకాలు చదివాడు. ఇటు జెనిసిస్ వాళ్ళు కొత్త గాయకుడి కోసం ఎందరినో పరీక్షించి, ఎవరూ నచ్చక, డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్స్ చేతనే పాడించారు. 1976 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ళ ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ బ్రిటన్‌లో మూడో స్థానానికి ఎక్కింది. గేబ్రియల్ లేకపోతే జెనిసిస్ లేదని రాసిన పత్రికలే నాలుక్కరుచుకున్నాయి. కొన్నాళ్ళు మనసుపెట్టి ఆలోచించవలసిన సంగతి ఇది. నువ్వు లేకపోయినా ఇల్లు నిలబడింది. కూలితే ‘నేనే ఆధారం’ అనుకోవచ్చు. కూలలేదు. మరి నేనెవరిని? తోటలో మడులు కట్టుకునేవాడికి ఆ ప్రశ్న ఎంత గట్టిగా తగిలి ఉంటుందో!

ఆ ఇంటికి దగ్గర్లోనే ఆ కొండ. దాని పూర్తి పేరు లిటిల్ సాల్స్‌బరీ హిల్. బాత్‌ఈస్టన్ గ్రామం మీద, ఏవన్ నది లోయకి ఎదురుగా ఉంటుంది. సముద్రమట్టానికి దాదాపు 190 మీటర్లు, అంతే. తెలంగాణలో అయితే గుట్ట అంటాం. పైన బల్లపరుపుగా ఉంటుంది. ఇనుపయుగం నాటి మనుషులు చుట్టూ గోడ కట్టుకుని పైన కాపురం ఉన్న కోట అది, రోమన్లు కింద వేడినీటి బుగ్గల దగ్గర స్నానశాలలు కట్టక ముందటిది. ఇప్పుడు గడ్డి, గాలి. రాత్రిపూట పైనుంచి చూస్తే బాత్ నగరం దీపాలు కనిపిస్తాయి.

మన భాషలో దీపం ఆరిపోయిందని అనం, కొండెక్కిందంటాం. జెనిసిస్ గాయకుడిగా అతని దీపం 1975లో కొండెక్కింది. మనిషీ కొండెక్కాడు. పాట అక్కడే మొదలవుతుంది: రాత్రి, కొండ, కింద ఊరి దీపాలు. చీకట్లోంచి ఒక గద్ద ఎగిరి దగ్గరికి వస్తుంది. ఒక గొంతు వినిపిస్తుంది. నమ్మాలో లేదో తెలియక అతని గుండె దడదడలాడుతుంది. ఆ గొంతు అతన్ని కొడుకా అని పిలిచి, సామాను సర్దుకో, ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చానంటుంది. రెండో చరణంలో అతను ఈ సంగతి ఎవరికీ చెప్పడు. చెబితే స్నేహితులు పిచ్చి అనుకుంటారని భయం. రోజులు గానుగెద్దులా తిరుగుతుంటాయి. చివరికి ఏ బంధం తెంచుకోవాలో తేలుతుంది, యంత్రంలోంచి నడిచి బయటికి వస్తాడు. పత్రికలకి రాసిన ఉత్తరంలోని బండే ఈ యంత్రం. మూడో చరణంలో స్వేచ్ఛ వచ్చేసిందనుకుంటాడు, అది గిరగిరా తిరిగే నాట్యకత్తెలా చేతికి అందదు. చుట్టూ ఖాళీ నీడలు కళ్ళు మూసుకునే చూస్తుంటాయి. అప్పుడు తన స్థానంలో ఇంకొకరు అక్కర్లేదని, తనలో ఇంకో ‘నేను’ ఉన్నాడని చూపిస్తానంటాడు.

ఈ పాటని దైవదర్శనంగా చదివేవాళ్ళున్నారు. గద్ద, ఆకాశవాణి, నీళ్ళు ద్రాక్షారసంగా మారే ప్రస్తావన, అన్నీ బైబిల్ గూటివే. ఇల్లు అంటే మరణం అని చదివేవాళ్ళూ ఉన్నారు. ఎవరి చెవి వారిది. గేబ్రియల్ మాత్రం, చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడితేనే రాబోయేదానికి చోటు ఉంటుందన్న సంగతి గురించే ఈ పాట అని చెప్పాడు. వదులుకోవడం గురించి.

ఆ మాట పట్టుకుని పల్లవులు వరసగా వినండి. మొదటి రెండుసార్లూ ఆ గొంతు మూటాముల్లె సర్దుకోమంటుంది. చివరిసారి గొంతు మారుతుంది, మాట్లాడేది ఇతనే. నా మూటాముల్లె మీరే ఉంచుకోండి, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు, అంటాడు. నేను ఈ పాటని చాలా ఏళ్ళు విన్నాను, ఈ ఒక్క మార్పు చాలా ఆలస్యంగా గమనించాను. గమనించినప్పటి నుంచి పాట మొత్తం మారిపోయింది. ప్రయాణమంటే ముందు సామాను గుర్తొస్తుంది ఎవరికైనా. పేరు, వేషం, తొడుగులు, ఏడెనిమిదేళ్ళ పాటలు. మొదట వాటిని మోసుకుపోదామనుకున్నాడు. మూడు చరణాల దూరంలో ఆ మూట దించేశాడు. పాటంతా ఆ దూరమే.

ఏడు లెక్క సంగతికి వస్తాను. పాటంతా ఏడు మీద సాగుతుంది. పల్లవి చివర, ఆ ఇంటికి వెళ్ళే మాట దగ్గర మాత్రం, రెండు వరసలు నాలుగు నాలుగుగా పడతాయి. అంతసేపూ ఒక అడుగు తక్కువతో నడిచిన మనిషికి అక్కడ రెండు పాదాలూ నేల మీద ఆనతాయి. మళ్ళీ వెంటనే ఏడు మొదలవుతుంది. ఇల్లు కనిపించి మాయమైనట్టు ఉంటుంది. సంగీత శాస్త్రం తెలియని వాళ్ళకి కూడా అక్కడ ఛాతీలో ఏదో నెమ్మదిస్తుంది. మాటల్లో ఉన్న అర్థాన్ని తాళంలో కూడా దాచడం నిజమైన కవి పని.

రికార్డింగ్ కొండకి చాలా దూరంలో, కెనడాలోని టొరంటోలో, 1976లో మొదలైంది. నిర్మాత బాబ్ ఎజ్రిన్ అప్పటికే ఆలిస్ కూపర్‌తో, లూ రీడ్‌తో పనిచేసినవాడు, పెద్ద హంగులు ఇష్టపడేవాడు. పాత బృందంలోంచి ఒక్కరూ లేరు. బాస్ గిటారుకి టోనీ లెవిన్ వచ్చాడు, ఆ పరిచయం దశాబ్దాల పాటు సాగింది. సింథసైజర్లకి లారీ ఫాస్ట్. గిటారుకి రాబర్ట్ ఫ్రిప్, స్టీవ్ హంటర్. ఈ పాట మొదట్లో వినిపించే మామూలు గిటారు హంటర్‌ది. బొటనవేలు కింది తీగల మీద నడక ఆపకుండా వాయిస్తుంటే మిగతా వేళ్ళు పైన రాగం అల్లుకుంటూ పోయే పద్ధతి అది. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన కెంటకీ గాయకుడు మెర్ల్ ట్రావిస్ పేరుతోనే పిలుస్తారు. అమెరికా పల్లెపాటల వేళ్ళు, ఇంగ్లండు కొండ, కెనడా స్టూడియో. హంగుల ఎజ్రిన్ ఈ పాటని మాత్రం చాలాసేపు తేలిగ్గా వదిలేశాడు. చివర్లోనే ఎలక్ట్రిక్ గిటార్లు విరుచుకుపడతాయి, గేబ్రియల్ అరుస్తాడు, ఆ అరుపులో పాట కరిగిపోతుంది.

1977 ఫిబ్రవరిలో ఆల్బమ్ వచ్చింది. దాని పేరు ‘పీటర్ గేబ్రియల్’. తర్వాతి మూడు ఆల్బమ్‌ల పేర్లూ, 1978, 1980, 1982లో వచ్చినవి, ‘పీటర్ గేబ్రియల్’ అనే. పత్రిక సంచికల్లాగా పేరు ఒకటే, అట్ట వేరు అని అతని ఆలోచన. మొదటి అట్ట మీద వాన చినుకులు పట్టిన కారు అద్దం వెనక మసకగా అతను కనిపిస్తాడు. మార్చిలో ‘సాల్స్‌బరీ హిల్’ విడిగా వచ్చి బ్రిటన్‌లో 13వ స్థానానికి, అమెరికాలో 68వ స్థానానికి చేరింది. అదే నెలలో న్యూజెర్సీలోని పసాయిక్‌లో సొంత పేరు మీద తొలి కచేరీ చేశాడు. నక్క తల లేదు, రెక్కలు లేవు.

తర్వాత ఈ పాట సినిమాలకి, సినిమా ప్రకటనలకి బాగా అలవాటైపోయింది. 2005లో రాబర్ట్ రయాంగ్ అనే ఎడిటర్, భయానక చిత్రం ‘ద షైనింగ్’ దృశ్యాలని మార్చి కూర్చి, అదేదో తండ్రీకొడుకుల ముద్దుల కథ అయినట్టు ఒక ఉత్తుత్తి ట్రైలర్ చేశాడు. మధ్యలో ఈ పాట పెట్టేసరికి హంతకుడి చిరునవ్వు కూడా చల్లగా కనిపించింది. ఈ పాట వినిపిస్తే చాలు, ఇక అంతా శుభమే అని జనానికి అంతగా అలవాటైందన్నమాట. నాకది కొంచెం బాధ. పాటలో గుండె కొట్టుకునేది సంతోషంతో కాదు, ముందు భయంతో. భయాన్ని తీసేస్తే మిగిలేది సబ్బు ప్రకటన.

ఆ కొండకి కొన్ని మైళ్ళ దూరంలో, బాక్స్ అనే ఊళ్ళో, గేబ్రియల్ తర్వాత రియల్ వరల్డ్ స్టూడియో కట్టుకున్నాడు. 1989లో అదే పేరుతో రికార్డు సంస్థ మొదలైంది. మన పాలకొల్లులో పుట్టి, విదేశీ వాద్యమైన మాండొలిన్‌ని కర్ణాటక సంగీతానికి ఒప్పించిన యు. శ్రీనివాస్ గారి ‘రామ శ్రీరామ’ 1994లో ఆ సంస్థ నుంచే వచ్చింది. మరుసటి ఏడాది మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ కూడా. వేషం దించిన మనిషి తన ఇంటి చుట్టుపక్కల ఎవరెవరికి చోటిచ్చాడో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ మనకి చాలు.

అంతకు ముందే ఇంకొకటి జరిగింది. 1982 వేసవిలో గేబ్రియల్, స్నేహితులు కలిసి షెప్టన్ మాలెట్‌లో ‘వోమాడ్’ అనే ప్రపంచ సంగీత ఉత్సవం జరిపారు. బురుండీ డోలు కళాకారులు వచ్చారు, మంచి సంగీతం వినిపించింది, డబ్బు మాత్రం ఘోరంగా పోయింది. అప్పులవాళ్ళు గేబ్రియల్ మీద పడ్డారు. అప్పుడు ముందుకొచ్చింది జెనిసిస్ వాళ్ళే. ఒక్క కచేరీ కలిసి చేద్దాం, వచ్చిన డబ్బు అప్పులకి కట్టేయి, అన్నారు. అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో, ఎడతెగని వానలో, వేల మంది బురదలో నిలబడి ఎదురుచూస్తుంటే గేబ్రియల్‌ని శవపేటికలో మోసుకొచ్చారు. అందులోంచి లేచి పాడాడు. చివర్లో స్టీవ్ హ్యాకెట్ కూడా వచ్చి కలిశాడు. పాత జెనిసిస్ పాటల మధ్య ఆ రాత్రి ‘సాల్స్‌బరీ హిల్’ కూడా పాడారు. వాళ్ళని వదిలి వెళ్ళడం గురించి అతను రాసుకున్న పాటకి, వదిలి వెళ్ళబడిన వాళ్ళే ఏడు దెబ్బల తాళం వేశారు.

జెనిసిస్ చివరి కచేరీ 2022 మార్చి 26న లండన్ ఓ2 అరీనాలో జరిగింది. ఆరోగ్యం బాగా దెబ్బతిన్న ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చునే పాడాడు. బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్ అతని పక్కన ఉన్నారు. పీటర్ గేబ్రియల్ కింద ప్రేక్షకుల్లో కూర్చుని విన్నాడు.